చంకలో నిమ్మకాయ రుద్దుకోమని ఎవరు చెప్పారండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలర్‌ని. ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త లోపలగా, సందులో చిన్న షాపు. రెండు మెషిన్లు, ఒక ఫ్యాను, ఒక ఇస్త్రీ పెట్టె, గోడకి ఒక అద్దం, అంతే. 22 ఏళ్ళుగా ఇదే పని. ఉత్తరాలు రాసే అలవాటు లేదు, పెన్ను పట్టుకుంటే కొలతల పుస్తకంలో అంకెలు వేయడమే. కానీ ఎండలు ముదిరితే చాలు పేపర్లలో ఆడవాళ్ళ పేజీల్లోనూ ఫోన్లో వీడియోల్లోనూ చెమట వాసనకి చిట్కాలు మొదలవుతాయి కదా, నిమ్మచెక్క రుద్దండి, వంటసోడా పూయండి, పది నిమిషాలు ఉంచి కడిగేయండి అని, ఆ చిట్కా వల్ల నా షాపులో ఏం జరిగిందో చెబుదామని రాస్తున్నాను. అది మీ పేపర్లో వచ్చిందో ఇంకోదాంట్లో వచ్చిందో నాకు తెలియదు, ఆ చిట్కా చేసిన పిల్లకీ గుర్తు లేదు, కాబట్టి మిమ్మల్ని ఒక్కళ్ళనే అనడం లేదు.

సాయంత్రాలు నా దగ్గర కుట్టు నేర్చుకోవడానికి ఒక గుంట వస్తుంది. మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటాం, తప్పుగా అనుకోకండి. ఇంటర్ రెండో సంవత్సరం. జూన్‌లో కాలేజీ తెరిచాక ఒకరోజు మెషిన్ ముందు కూర్చుని చేతులు ముందుకి చాపలేకపోతోంది. కోడి ఎండకి రెక్కలు ఎడంగా పెట్టుకుని నిలబడుతుంది చూడండి, అలా కూర్చుంది. ఏమైందే అంటే ఏం లేదు పిన్నీ అంటుంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు. ట్రయల్ చూసుకునే తెర వెనక్కి తీసుకెళ్ళి చెయ్యెత్తమన్నాను. రెండు చంకలూ కాలినట్టు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి, ఎడమవైపు తోలు లేచి పచ్చిగా తడి ఊరుతోంది. ముందురోజు రాత్రి వాళ్ళ నాన్న రేజరు తీసుకుని గీసుకుని, ఆ వెంటనే నిమ్మకాయ పిండి, సోడా కలిపి రుద్దిందట. మంట పుడితే పనిచేస్తోంది కాబోలు అనుకుని పళ్ళు బిగబట్టి పది నిమిషాలూ ఓర్చుకుందట! పాపం, గడియారం చూసుకుంటూ మరీ.

ఎందుకు చేశావే అంటే అప్పుడు బయటపడింది. క్లాసులో దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఒకరోజు ఇంటర్వెల్ అయి వచ్చేసరికి దాని బ్యాగులో కొత్త సబ్బుబిళ్ళ ఉందట, రేపరు కూడా విప్పనిది. ఎవరు పెట్టారో తెలియదు. అందరూ తల వంచుకుని నవ్వుతున్నారు. "నాను రోజుకి రెండు తానాలు సేస్తాను పిన్నీ, ఒట్టు" అంది. ఆ సబ్బుని పారేయలేదు, ఇంట్లో చూపించలేదు, బ్యాగు అడుగున అలాగే ఉంది, నాకు తీసి చూపించింది.

అది రెండు స్నానాలు చేస్తుందంటే నేను వెంటనే నమ్మాను. ఎందుకంటే ఈ వాసనల సంగతి ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా డాక్టర్లకి కూడా తెలియదేమో. గొప్పకి చెప్పడం లేదు, నా పనే అలాంటిది. జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు కొలతకి పాత జాకెట్టు ఇస్తారు, ఆది జాకెట్టు అంటాం. రోజుకి అయిదో ఆరో ఆది జాకెట్లు నా చేతుల మీదుగా వెళ్తాయి. కొందరు విప్పినది విప్పినట్టే కవర్లో పెట్టి ఇచ్చేస్తారు, ఆ సంగతి వదిలేయండి. శుభ్రంగా ఉతికి, మడత పెట్టి, సబ్బు వాసన వస్తున్న జాకెట్టే తీసుకోండి. ముడతలతో కొలత సరిగ్గా రాదని నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తాను. వెనక భాగం మీద ఏ వాసనా రాదు. చేతుల మీదా రాదు. చంక కుట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె ఆనీ ఆనగానే ఆవిరితో పాటు లేస్తుంది చూడండి, పాత ఉల్లితొక్కల వాసన. ఉతికిన జాకెట్టే! బీరువాలోంచి తీసినప్పుడు లేనిది, వేడీ తడీ తగలగానే వస్తుంది. ఒంటి మీద ఉండేది కూడా ఆ వేడీ ఆ తడే కదండీ. పొద్దున్న ఏడింటికి స్నానం చేసి, ఉతికిన జాకెట్టు తొడుక్కుని బయల్దేరిన మనిషి ఎనిమిదిన్నరకి కాంప్లెక్సులో బస్సెక్కేసరికి వాసన ఎందుకొస్తుందో నాకు ఆ ఇస్త్రీ పెట్టే నేర్పింది.

మా పెద్దమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి విశాఖపట్నంలో డ్యూటీ చేస్తోంది. ఈ ఉల్లితొక్కల వాసన ఏమిటే అని ఒకసారి అడిగాను. దానికి క్లాసు చెప్పడమంటే సరదా. ఒంట్లో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు ఉంటాయట. ఎక్కువ వాటిలోంచి వచ్చేది ఉప్పునీళ్ళే, ఒళ్ళు చల్లబరచడానికి. చంకల్లో, గజ్జల్లో ఇంకో రకం ఉంటాయి, అవి వయసుకొచ్చాకే పని మొదలుపెడతాయి, అందుకే చిన్నపిల్లలు వీధిలో ఎంత ఆడొచ్చినా మట్టి వాసనే గానీ ఈ కంపు రాదు. ఈ రెండో రకం గ్రంథుల్లోంచి వచ్చే చెమటలో కొవ్వూ మాంసకృత్తులూ కలిసి కొంచెం చిక్కగా ఉంటుంది. తమాషా ఏమిటంటే అది కూడా బయటికి వచ్చేటప్పుడు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా, కొరినిబాక్టీరియం అనీ స్టాఫైలోకోకస్ హోమినిస్ అనీ ఏవో పేర్లు రాసిచ్చింది, అవి దాన్ని తిని వదిలేదే ఈ కంపు. అందులో ఒకటి గంధకం కలిసిన పదార్థం, ఉల్లిపాయ ఘాటు కూడా అలాంటిదే, అందుకే నీ ముక్కు సరిగ్గానే చెప్పిందమ్మా అంది. ఇంకోటి కూడా చెప్పింది, టెన్షన్ పడినా ఈ చంక గ్రంథులు పనిచేస్తాయట. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారేమో అని రోజంతా బిగుసుకుని కూర్చునే పిల్లకి ఇంకెంత చెమట పడుతుందో మీరే ఆలోచించండి.

పుట్టుకతో వచ్చే తేడా కూడా ఉందట. చెవిలో గులిమి కొందరికి తడిగా, జిగురుగా ఉంటుంది, కొందరికి పొడిగా రాలుతుంది. రెండింటికీ కారణం ఒకే జన్యువు, ఆ జన్యువే చంక వాసనకి కూడా కారణం. చైనా, కొరియా, జపాన్ వాళ్ళలో చాలామందికి పొడి గులిమి, వాళ్ళకి చంక వాసన దాదాపు ఉండదట. ఇది విన్నాక నెల రోజులు నా షాపుకి వచ్చిన ప్రతివాళ్ళ చెవుల వంకా చూశాను, అది వేరే సంగతి.

అసలు విషయానికి వస్తాను. ఆ గుంట తెర వెనక ఏడుస్తుంటే దాని యూనిఫాం టాపు చంక కుట్టులోంచి ఒక దారం లాగాను. అగ్గిపుల్ల గీసి అంటించాను. మాకు గుడ్డ తెలియాలంటే ఇదే పరీక్ష. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద అవుతుంది, వేళ్ళతో నలిపితే పొడి. పాలిస్టర్ అయితే మంటకి ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లగా గట్టి పూసలా అయిపోతుంది. పూసే వచ్చింది. రెండో దారం లాగాను, అదీ పూసే. మీరు కూడా ఇంట్లో చేసి చూడండి, పళ్ళెంలో పెట్టి జాగ్రత్తగా, గుడ్డంతా కాకుండా ఒక్క పోగు మాత్రమే.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ యూనిఫాం కుట్టింది నేనే. అంటే ఆ కాలేజీకి కాంట్రాక్టు మీద కుట్టిన నలుగురు టైలర్లలో నేనూ ఉన్నాను. గుడ్డ వాళ్ళే పంపారు, తానులు తానులుగా. చేత్తో ముట్టుకోగానే నాకు తెలుసు అది ఎలాంటిదో, జారుడుగా, ముడత పడకుండా, ఇస్త్రీ అక్కర్లేకుండా ఉంటుంది, రంగు పోదు, మూడేళ్ళయినా చిరగదు. తల్లిదండ్రులకీ అదే కావాలి, కాలేజీకీ అదే కావాలి. దాని మీద వెయిస్ట్ కోటు ఒకటి! శ్రీకాకుళంలో, జూన్‌లో, సముద్రం ఇంత దగ్గరలో పెట్టుకుని వెయిస్ట్ కోటు. జతకి ఇంత అని డబ్బులు తీసుకుని నోరు మూసుకుని కుట్టాను. అందుకే సబ్బుబిళ్ళ పెట్టిన పిల్లల మీద నాకు పెద్ద కోపం రాలేదు, నా మీద నాకే వచ్చింది.

కాటన్ తన బరువులో 8 శాతం పైగా తేమని ఊరికే గాలిలోంచే పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమట పోవడానికి దారి లేదు. అనంతపురంలో అయితే మనకంటే ఎండలు ఎక్కువే గానీ గాలి పొడి, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ ఉక్కపోత, గాలే తడిగా ఉంటే చెమట ఎక్కడికి ఆరుతుంది, ఒంటి మీదే కారుతుంది. పైగా పాలిస్టర్‌కి నీళ్ళంటే పడదు గానీ జిడ్డంటే ప్రాణం. చెమటలో ఉన్న ఆ కొవ్వు భాగం పోగుకి అతుక్కుని చన్నీళ్ళలో ఎంత పిండినా వదలదు. ఆరేసిన యూనిఫాం వాసన లేకుండానే ఉంటుంది, తొడుక్కున్న గంటకి నిన్నటి చెమట మళ్ళీ మేలుకుంటుంది. ఆ పిల్లకి ఉన్నవి రెండు జతలు. వారంలో ఒక్కో జత మూడుసార్లు.

జాకెట్లలోనూ ఇదే గొడవ. పట్టుచీరకి జాకెట్టు కుట్టించుకుంటారు, పైన అసలైన పట్టు, లోపల లైనింగ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదోటి వేసీ అమ్మా, లోపల ఎవరు చూస్తారు" అంటారు. ఎవరూ చూడరు, నిజమే, ముక్కులకి తెలుస్తుంది అంతే. కాటన్ లైనింగుకీ మామూలు లైనింగుకీ మీటరు మీద 30, 40 రూపాయల కంటే ఎక్కువ తేడా ఉండదు. జాకెట్టు కుట్టుకూలీ ఇప్పుడు ఎంతయిందో మీ ఇంట్లో అడిగితే చెబుతారు, అందులో ఇదొక లెక్కా? కాటన్ లైనింగు వేయించుకునేవాళ్ళు దాన్ని ముందురోజు నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని జాకెట్టంతా లాగేస్తుంది, ఆ తర్వాత తిట్లు నాకు.

ఇక ఉతకడం. రాత్రి సర్ఫ్ నీళ్ళలో నానబెట్టేసి పడుకుంటాం, పొద్దున్న పంపు వచ్చాక ఉతుకుతాం. ఈ ఉక్కలో రాత్రంతా ఆ బకెట్టు ఏమవుతుందో ఒకసారి మూత తీసి వాసన చూడండి. అరగంట చాలు నానడానికి. చంక భాగాన్ని విడిగా, లోపలివైపు తిప్పి, గుడ్డకి తగినంత వేడి ఉన్న నీళ్ళలో సబ్బు పెట్టి నలపాలి. వాసన పట్టేసిన వాటిని ముందు కొంచెం తెల్ల వెనిగర్ కలిపిన నీళ్ళలో ఓ అరగంట ఉంచి ఉతికితే చాలావరకు వదులుతుంది. ఆరేసేటప్పుడు కూడా తిరగేసి, చంకలు ఎండకి పెట్టి ఆరేయాలి. మనం ఏం చేస్తాం, రంగు పోతుందని నీడలో, అదీ జాకెట్ల మీద చీర కప్పి, ఎవరి కంటా పడకుండా ఆరేస్తాం. నెలసరి గుడ్డలు వాడేవాళ్ళయితే వాటినీ ఆ చీరల కిందే దాస్తారు. వాటికి అందరికంటే ముందు ఎండ కావాలి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తువ్వాలు మాట మరిచిపోయాను. శుభ్రంగా స్నానం చేసి, మూడు రోజులుగా తలుపు మీద వేలాడుతున్న ముక్కిన వాసన కొట్టే తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటే ఆ స్నానం ఎందుకు? ఇంట్లో నలుగురికీ అదే తువ్వాలు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మా సందులో ఏ ఇంట్లోకి వెళ్ళినా అదే వాసన, మా ఇంట్లో కూడా.

తువ్వాలు అనగానే తామర గుర్తొస్తుంది. ఈ మధ్య కొలత తీసుకునేటప్పుడు నడుం మీద, చంకల పక్కన గుండ్రంగా నల్లబడ్డ మచ్చలు కనబడుతున్నాయి, లెగ్గింగులు రోజంతా వేసుకునే పిల్లలకి మరీను. అడిగితే మెడికల్ షాపులో ట్యూబు తెచ్చి రాస్తున్నాం, రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్ళీ వస్తోంది అంటారు. మా అమ్మాయి ఈ మాట వింటే కేకలేస్తుంది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఉంటుందట. స్టెరాయిడ్ దురదని నొక్కేస్తుంది, ఫంగస్ లోపల హాయిగా పాకుతుంది, చర్మం పల్చబడి చారలు పడతాయి. దేశమంతా చర్మం డాక్టర్లు తల పట్టుకుంటున్నది దీనికేనట. దయచేసి చర్మం డాక్టరుకి చూపించుకోండి, షాపులో కుర్రాడికి కాదు.

సెంట్లు, స్ప్రేల గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు, కొట్టుకునేవాళ్ళు కొట్టుకోండి, పట్టు మీదా జరీ మీదా మాత్రం కొట్టకండి, మచ్చ పడితే నేనేం చేయలేను. కానీ జనం డియోడరెంట్‌నీ యాంటీపెర్స్‌పిరెంట్‌నీ ఒకటే అనుకుంటారు. డియోడరెంట్ వాసనని కప్పుతుంది, బ్యాక్టీరియాని కొంత తగ్గిస్తుంది, చెమటని ఆపదు. యాంటీపెర్స్‌పిరెంట్ అని రాసి ఉన్నది చెమటనే తగ్గిస్తుంది, అందులో అల్యూమినియం లవణాలు ఉంటాయి, చెమట రంధ్రాలకి బిరడాలా అడ్డం పడతాయి. అది పొద్దున్న హడావిడిలో చెమట మీద రాస్తే కారిపోతుంది, రాత్రి పడుకోబోయే ముందు పొడి చంకలో రాసుకోవాలి. తెల్ల జాకెట్ల చంకల్లో అట్టకట్టినట్టు పసుపు మచ్చలు పడతాయి చూడండి, చెమట ఒక్కటే అనుకుంటారు, ఆ అల్యూమినియం చెమటతో కలిసి చేసే పనే ఎక్కువ. మా తాత గడ్డం గీయించుకున్నాక మంగలి రాసే పటిక కూడా అల్యూమినియం లవణమే, తడిపి చంకలో ఒకసారి రాస్తే కొంత పనిచేస్తుంది, పది రూపాయల ముక్క నెలలు వస్తుంది. తెగిన చోటా, గీసిన వెంటనే మాత్రం వద్దు. అది కూడా మండుతుంది.

నిమ్మకాయ సంగతికి వస్తే, మన చర్మం కొంచెం పుల్లనిదట, పీహెచ్ అంటారు కదా, 5 దగ్గర. నిమ్మరసం 2. సోడా 8 పైన. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, గీసిన పచ్చి చర్మం మీద రెండూ కలిపి రుద్దితే ఏమవుతుందో చెప్పడానికి నర్సింగ్ చదవక్కర్లేదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే ఆ చోట బొబ్బలు లేచి నల్లమచ్చ పడటం కూడా ఉంది. పప్పులో పిండుకోండి, మజ్జిగలో పిండుకోండి, ఎవరొద్దన్నారు.

మా అక్క పలాసలో ఉంటుంది, జీడిపిక్కలు కొట్టే పని. పిక్క తొక్కలోంచి వచ్చే జీడినూనె చేతికి తగిలితే చర్మం కాలిపోయి నల్లబడుతుంది, అది అంటకుండా చేతులకి వేరే నూనె రాసుకుని కూర్చుంటారు. పని దిగి వచ్చేటప్పుడు ఆ కాల్చిన పొగ వాసన, ఆ నూనె వాసన చీరకి పట్టేసి ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుందని ఒకసారి చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. "ఆ పప్పు ఆల పాయసంలో ఏసుకున్నప్పుడు వాసన రాదేటి" అంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది కదా, ఆ వారంలో నేను అక్క ఇంట్లో ఉన్నాను. కరెంటు లేదు, మోటార్లు లేవు, కొబ్బరి చెట్లన్నీ కూలి దారులు మూసుకుపోయాయి. తాగడానికే నీళ్ళు లేకపోతే స్నానం ఎవరికి గుర్తు. కట్టిన చీరతో నాలుగు రోజులు, ఒక గదిలో పదకొండు మంది. అందరం ఒకేలా కంపు కొట్టాం. ఎవరూ ముక్కు మూసుకోలేదు, తెల్లవారితే ఒకళ్ళ తల ఒకళ్ళ భుజం మీద ఉండేది.

గుడ్డ గురించి ఇంత మాట్లాడి పొందూరు పేరెత్తకపోతే మా జిల్లా వాళ్ళు ఊరుకోరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నగా నూలు వడికి నేసే ఆ ఖద్దరు ఎండాకాలం ఒంటి మీద ఉన్నట్టే తెలియదు, చేప ఎముకతో ఏకినా చేప వాసన రాదు, అది కూడా జనం అడుగుతారు. కానీ పక్కనే పొందూరు ఉందని రోజూ పొందూరు కట్టగలమా, ధర చూసి నేనే రెండుసార్లు ముట్టుకుని వదిలేశాను. నేననేది మామూలు కాటన్ గురించి, లేదా సగం కంటే ఎక్కువ కాటన్ కలిసిన గుడ్డ గురించి. దాన్ని ఇస్త్రీ చేయాల్సి వస్తుంది, నిజమే.

చెప్పడం ఎలా అన్నది ఇంకో తలనొప్పి. మన వాసన మన ముక్కుకి తెలియదు, ఎండుచేపలు అమ్మే ఆవిడకి ఎండుచేపల వాసన తెలియనట్టే, కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది. కాబట్టి ఎవరో ఒకళ్ళు చెప్పాల్సిందే. నా దగ్గరికి ఒక టీచరమ్మ వస్తుంది, చాలా మంచి మనిషి, పదిహేనేళ్ళ పరిచయం. ఆవిడ జాకెట్ల గురించి చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. చివరికి షాపులో ఎవరూ లేని టైములో, "అమ్మగారూ, మీ జాకెట్ల లైనింగు చెమట పట్టేస్తోందండీ, ఈసారి కాటన్ వేస్తాను, పాతవి మూడు కూడా ఇవ్వండి, విప్పి మారుస్తాను" అన్నాను. ఆవిడ మొహం ఒక్క నిమిషం మారింది. తర్వాత "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమిటమ్మా" అంది, నెమ్మదిగా. మా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే అని కూడా అంది. నేనేం మాట్లాడలేదు, టేపు తీసుకుని కొలతలు మొదలుపెట్టాను. మళ్ళీ నెలకి ఇంకో నాలుగు జాకెట్లు తెచ్చింది.

వాసన హఠాత్తుగా మారితే, అంటే ఎప్పుడూ లేనిది ఊపిరిలో పళ్ళు మాగిన వాసనలా వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి, ఆలస్యం చేయకూడదు. ఊరికే కూర్చున్నా చేతుల్లోంచి నీళ్ళు కారేంత చెమట పడుతుంటే థైరాయిడ్ చూపించుకోవాలి. ఏ తేడా లేకపోయినా కొందరికి చెమట అంతే ఎక్కువ, దానికీ వైద్యం ఉంది.

మా చుట్టుపక్కల షాపుల్లో పనిచేసే ఆడపిల్లల మాట కూడా ఒకటి రాస్తాను. బట్టల కొట్లలో పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పిల్లలు నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు. మొహం కడుక్కోవడానికి ఒక కుళాయి లేదు. వాళ్ళు నా షాపుకి వచ్చి వెనక వాకిట్లో చేతులూ మెడా కడుక్కుని, జాకెట్టు లోపలికి తడి రుమాలు పోనిచ్చి తుడుచుకుని మళ్ళీ పరుగెత్తుతారు. కస్టమర్ల దగ్గర వాసన రాకూడదని యజమాని కౌంటర్లో స్ప్రే డబ్బా పెట్టాడట, దాని డబ్బులు జీతంలో పట్టుకుంటాడట! ఇది నేను ఎవరో అంటే విన్నది కాదు, వాళ్ళల్లో ఒక పిల్ల నా ఎదుట కూర్చుని లెక్క చెప్పింది.

ఇక మా గుంట. చర్మం డాక్టరు పూత మందు ఇచ్చారు, పది రోజులకి తగ్గింది. పుండు పూర్తిగా మానాక బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న వాష్ ఒకటి రాశారు, మొటిమలకి వాడేదే, చంకలో రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. అది రంగు గుడ్డని తెల్లగా తినేస్తుంది, వాళ్ళమ్మ ఎర్ర తువ్వాలు మీద మచ్చలు పడి ఇంట్లో గొడవ కూడా అయింది. నేను చేసింది ఇంతే. యూనిఫాం టాపు చంక విప్పి అరంగుళం వదులు చేసి, ఆ చోట నలుచదరంగా మెత్తటి కాటన్ ముక్క వేసి కుట్టాను, అదే రంగులో, బయటికి తెలియదు. మిగిలిపోయిన గుడ్డతో మూడో జత కుట్టిచ్చాను. వాసన మొత్తం పోయిందా అంటే పోలేదు, తగ్గింది, దగ్గరికొస్తే తప్ప తెలియదు. పక్కన ఇప్పుడు ఒకమ్మాయి కూర్చుంటోందట. ఆ సబ్బుబిళ్ళ పెట్టింది ఆ అమ్మాయేనేమో అని దీనికి అనుమానం, అడగలేదు.

కాలేజీ ఆఫీసుకి కూడా వెళ్ళాను. వచ్చే ఏడాది గుడ్డలో కాటన్ పాలు పెంచండి, కనీసం వేసవి నెలల్లో ఆ వెయిస్ట్ కోటు మానేయండి అని అడిగాను. కాటన్ అయితే ముడతలు పడి క్రమశిక్షణ కనబడదన్నారు. మీ పేపర్లో వేస్తే వింటారేమో చూడండి, కాలేజీ పేరు నేను రాయడం లేదు, ఒక్క కాలేజీ కాదు కాబట్టి. మళ్ళీ కుట్టే కాంట్రాక్టు నాకు రాకపోవచ్చు, చూద్దాం.

ఉత్తరం చాలా పెద్దదైపోయిందని నాకే తెలుస్తోంది. కత్తిరించడం నాకు కొత్త కాదు, మీరూ కత్తిరించుకోండి, పొందూరు తీసేయండి, చెవి గులిమి తీసేయండి, నిమ్మకాయా యూనిఫామూ మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక టైలరు,
శ్రీకాకుళం